మగ్గాల వీధికి వచ్చిన గుర్రం

కుడిచేయి ఈ కాగితం మీద, ఎడమచేయి నా నెత్తి మీద పెట్టుకొని చెబుతున్నాను. ఇక్కడ రాయబోయే ప్రతి అక్షరమూ నిజం. ఒక్క ముక్క అబద్ధమున్నా మా బోరులో ఈ ఏడు గాలి తప్ప ఇంకేమీ రాకుండా పోవుగాక. నా ఎడమ చెంప మీదున్న గీత కుడి చెంప మీదికీ పాకుగాక.

హిందూపురంలో నన్ను ఎరిగినవాళ్ళు ఇంతవరకు చదివేసరికే నవ్వుతుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. చెవి కింద మొదలై దవడ ఎముక దాకా పోయే ఈ గీత గురించి నేను చెప్పిన కథలకు లెక్క లేదు. బస్టాండు దగ్గరి టీకొట్టులో ఎలుగుబంటి అన్నాను. పెనుకొండ కొండకు సీతాఫలాలకని పోతే అదీ వాటికే వచ్చిందని, చెట్టు మాది అంటే మాది అనుకున్నామని చెప్పాను. మా వియ్యంకుడికి మిల్లులో బెల్టు తెగి తగిలిందన్నాను. కుట్లు వేసిన డాక్టరుకు గడ్డం గీసుకుంటుంటే కరెంటు పోయిందన్నాను. ఎలుగుబంటి ఏమైందని అడిగినవాళ్ళూ ఉన్నారు. దాని చెంప చూస్తే నాది ఒక లెక్క కాదన్నాను.

ఈ గీత నాలుగేళ్ళ కిందట ధర్మవరంలో, పట్టపగలు, ఒక పెండ్లి మెరవణిలో పడింది. పెట్టింది కొరడా. మొదటినుంచి చెబుతాను.

మా ఇంట్లో గుర్రం ఉండడం అవసరం కాదు, అలవాటు. హిందూపురం దాటి మడకశిర దారిలో మా చేన్లు. మా తాత గుర్రం మీద చేనికి పోయేవాడు. మా నాయన గుర్రం మీద జాతరకు పోయేవాడు. నేను బండి మీదే పోతాను గాని కొట్టం మాత్రం ఖాళీగా ఉండకూడదని నాయన పంతం. ఇప్పుడున్నది ఆడగుర్రం. బూడిద రంగుదే గాని పెండ్లి ఫోటోల్లో తెల్లగా పడుతుంది, అందుకే బంధువుల ఇండ్లలో పెండ్లి అంటే దానికే ముందు పిలుపు. అది మా కొట్టంలోనే పుట్టింది. పుట్టినప్పుడు దాని ముక్కుల్లోని జిగురు నా వేళ్ళతోనే తీశాను. నన్ను చూసి సకిలిస్తుంది. నా జేబుల్లో బెల్లముక్క ఏ జేబులో ఉందో నా కంటే ముందు దానికే తెలుస్తుంది.

కొట్టంలో అది ఆవు. హిందూపురం బజారులో లారీల హారన్ల మధ్య కూడా ఆవే. ఎందుకంటే ఆ చప్పుళ్ళన్నీ పిల్లగా ఉన్నప్పటినుంచీ దానికి తెలిసినవి. కొత్త మనిషి, కొత్త వాసన, కొత్త చోటు అయితే మాత్రం చర్మం కింద చీమలు పారినట్టు వణుకుతుంది. కండ్లలో తెల్లగుడ్డు కనబడుతుంది. ఆ తరువాత ఏది అందితే దాన్ని కొరుకుతుంది, ఏది వెనక ఉంటే దాన్ని తన్నుతుంది. పాలు పితికే మనిషి ఒకరోజు కొత్త సబ్బుతో స్నానం చేసి వచ్చాడు. పాపం, ఆయన చేసిన నేరం అంతే. చెవితమ్మె కొస తెగి జొన్నచొప్పలో పడింది. చొక్కా అంతా నెత్తురు. గంటసేపు చొప్ప ఏరి ముక్క దొరకబుచ్చుకొని మంచినీళ్ళ గ్లాసులో వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తాను. కుట్టారు. ఇప్పుడు ఆయన ఆ చెవితోనే ఫోను మాట్లాడతాడు, బాగా వినబడుతుందట.

ఆరోజు నాయన కొట్టం గడపలో నిలబడి ఒక మాట అన్నాడు. మా ఇంట్లో అది పాత కట్టు. మనిషి నెత్తురు కండ్లజూసినది కొట్టంలో ఉండకూడదు.

"మొదటితూరి కాబట్టి ఇడుస్తాండా. ఇంకొకరి నెత్తురు కారిందంటే దీన్ని ఇసుక బండికి తోలేస్తా. నువ్వు ఏడ్చినా సరే."

ఇసుక బండి అంటే పెన్నలో ఇసుక తోలే ఒకాయన బండి. ఆయన గుర్రాల వీపు మీద వెంట్రుకలు ఉండవు, దెబ్బలే ఉంటాయి. ఆయన దగ్గరికి పోయిన గుర్రం రెండో ఎండాకాలం చూడదు. ఏటిగట్టు ఎక్కలేక ముందు కాళ్ళు మడిచి కూలబడిన గుర్రాన్ని ఆయన బొడ్డు కింద తన్నడం నేను చూశాను. అది లేచింది. నాలుగు అడుగులు వేసి మళ్ళీ పడింది. మళ్ళీ తన్నాడు. అది ఇంక లేవలేదు. నాయన అన్న మాట అన్నట్టే చేసే మనిషి. అందువల్ల ధర్మవరం నుంచి పిలుపు వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఏటిగట్టే.

పిలిచింది నాయన స్నేహితుడు, పట్టుచీరల వ్యాపారి. మనవడి పెండ్లి. పొద్దున తొమ్మిదికి పెండ్లికొడుకును ఇంటినుంచి కల్యాణమండపానికి గుర్రం మీద తీసుకుపోవాలి. కాదనడానికి లేదు. నాయనకు మోకాళ్ళు పనిచేయవు కాబట్టి మేమే బయలుదేరాము. నేను, వ్యాను డ్రైవరు, నా బామ్మర్ది.

బామ్మర్ది గురించి రెండు మాటలు చెప్పాలి. నా భార్య తమ్ముడు. దాదాపు నా వయసే, నా ఎత్తే. నా చొక్కాలు అతనికి కుట్టించినట్టు సరిపోతాయి. చెప్పే మాటల్లో సగం కోతలు. గుర్రాల గురించి తనకు తెలియనిది లేదంటాడు. ఆరోజు పట్టుచొక్కా, పట్టుపంచె, ఒంటి నిండా సెంటు. చేతిలో సంతలో కొన్న కొత్త తోలు కొరడా. నాయన ఆ కొరడా వైపు ఒకసారి చూశాడు. ఒక గోనెసంచి మా ముందర పెట్టించాడు.

ఆ సంచి మా ఇంటి పద్ధతి. గుర్రం కొత్త ఊరికి పోయేటప్పుడు దాని కొట్టంలోని మన్ను, లద్దె, అది తొక్కిన చొప్ప కలిపి ఒక సంచి నింపుతారు. పోయిన చోట దాన్ని కట్టేసే ముందు నేల మీద పరుస్తారు. గుర్రం తల దించి ఆ వాసన చూస్తుంది. తల దించిన గుర్రం తన్నదు. మా తాత చెప్పిన గుర్రపు శాస్త్రం అంతా ఆ ఒక్క ముక్కే.

"కొత్త ఊరికి ముందు దాని ఇల్లు పోవల్ల," అన్నాడు నాయన. "దాని ఎనక గుర్రం. మరిచిపోవద్దండి."

తెల్లవారుతుండగా పెనుకొండ చేరాము. వ్యానులో నిలబడి నిలబడి గుర్రం కాళ్ళు బిగుసుకుపోతాయని హైవే పక్కన, కొండ కింద దించాము. అది కాస్త నీళ్ళు తాగి చెవులు తిప్పుతూ కొండను చూసింది. అక్కడితో ఆపి మెల్లగా నడిపించి ఉంటే బాగుండేది. బామ్మర్ది ఎగిరి ఎక్కి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఎర్రమంచి దిక్కునుంచి కొత్త కార్లను రెండంతస్తులుగా మోసుకొస్తున్న పొడవాటి లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి.

గుర్రం ముందు కాళ్ళు గాలిలోకి లేచాయి. భయపడిన గుర్రానికి పక్కకు తిరిగే దారి ఇవ్వాలి. బామ్మర్ది రెండు పగ్గాలూ పట్టుకొని తన రొమ్ముకేసి లాగాడు. ఇనుప కళ్ళెం దాని నోటి మూలలు చీల్చింది. తెల్లటి నురుగు ఎర్రటి నురుగైంది. అతను ఇంకా లాగాడు. అది ఒళ్ళు విదిలించి అతన్ని ఎత్తి తుమ్మకంపలో పడేసింది. పట్టుచొక్కా కంపలో, మనిషి కంపలో, పంచె మాత్రం గుర్రం వీపు మీద. లేచి వచ్చినవాడు ఊరుకున్నాడా? పగ్గం మెలివేసి పట్టుకొని దాని పిరుదు మీద మూడు దెబ్బలు తీశాడు. కొత్త తోలు చప్పుడు కొండకు తగిలి మళ్ళీ వినబడింది. గుర్రం వెనక కాలితో వ్యాను తలుపు తన్నింది. రేకు లోపలికి పోయి డ్రైవరు సీటుకు తగిలింది.

నేనే పోయి పగ్గం లాక్కున్నాను. దాని ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, పగ్గం వదులు చేసి, మెడ మీద జూలు మొదట్లో గోళ్ళతో గోకుతూ చిన్న చిన్న చుట్లు తిప్పాను. కార్ల లారీ వచ్చిన ప్రతిసారీ నిలబడి దాన్ని చూడనిచ్చాను. ఆరో లారీకి అది చెవి ఒకటే తిప్పింది. ఎనిమిదో లారీకి అదీ తిప్పలేదు.

మళ్ళీ బండి ఎక్కించేటప్పుడు బామ్మర్ది కంటికి గోనెసంచి కనబడింది. ముల్లు గీసిన చేతులతో దాన్ని బయటికి ఈడ్చాడు.

"పట్టు వ్యాపారం చేసేటోళ్ళ వాకిట్లో లద్దె పరుస్తామా బావా? నలుగురూ నగరా? మన పరువేం గావల్ల?"

సంచిని కాలితో తన్ని కాలవలోకి దొర్లించాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ తప్పు మాత్రం నాది, ఒప్పుకుంటున్నాను.

ధర్మవరంలో ఆ ఇంటి ముందర వరకు అన్నీ బాగానే జరిగాయి. వెడల్పాటి వీధి, పచ్చటి పందిరి. పెండ్లికొడుకు సన్నటి మనిషి, కండ్లద్దాలు, తలపాగా. గుర్రం ఎక్కేటప్పుడు వణికాడు గాని ఎక్కాడు. ముందర బ్యాండు, మధ్యలో గుర్రం, వెనక పూలు కట్టిన కారు. బ్యాండు చప్పుడు గుర్రానికి పాతదే, లెక్కపెట్టలేదు. పెద్ద రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయిందని ఎవరో అడ్డదారి చూపించారు. మెరవణి పక్క సందులోకి తిరిగింది. అది మగ్గాల వీధి.

ఆ వీధిని చూడనివాళ్ళకు చెప్పాలి. రెండు పక్కలా ఇండ్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. ప్రతి ఇంటి ముందుగదిలో మగ్గం. నేసేవాళ్ళు నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటారు. పోగును మోసుకొని నాడె ఇటునుంచి అటు పోతుంది, ఆ పోగును బిగించే పలక వచ్చి టక్కున కొడుతుంది, గుంతలో కాలు తొక్కుతుంది. ఒక మగ్గమైతే చప్పుడు. నలభై మగ్గాలైతే అది చప్పుడు కాదు, నేలకు జ్వరం వచ్చినట్టు ఉంటుంది. అరికాళ్ళలోకి ఎక్కుతుంది.

గుర్రం నిలబడిపోయింది. చెవులు రెండూ వెనక్కి అంటుకుపోయాయి. చర్మం కింద చీమలు మొదలయ్యాయి.

అప్పుడు చేశాము ఒక తెలివితక్కువ పని. చప్పుడే కదా దాని బాధ అనుకున్నాడు బామ్మర్ది. ఎవరినో పంపి దూది తెప్పించి దాని రెండు చెవుల్లోనూ కుక్కాడు. కండ్లకు తువ్వాలు కట్టాడు. చూసేవాళ్ళంతా భలే అన్నారు. గుర్రం రెండు క్షణాలు రాయిలా ఉంది. తరువాత దానికి పిచ్చెత్తింది.

అది లేచిన ఎత్తుకు పెండ్లికొడుకు ఎగిరి, బ్యాండువాళ్ళ పెద్ద డ్రమ్ము మీద కూర్చున్నట్టుగా పడ్డాడు. తోలు పగిలి నడుము దాకా లోపలికి దిగబడ్డాడు. తలపాగా చెదరలేదు. నేను ఆయన దగ్గరికి ఉరికి మోచేతులు, మోకాళ్ళు, ముక్కు అన్నీ తడిమి చూశాను. నాకు కావలసింది ఒకటే, నెత్తురు ఉందా లేదా. ఒక్క చుక్క లేదు. కండ్లద్దాలు కూడా పగల్లేదు. నాకు ఏటిగట్టు మీది గుర్రం కండ్ల ముందర కదిలి పోయింది.

గుర్రం మాత్రం ఆగలేదు. వెనక్కి తన్నింది. కారు ముందు దీపాలు రెండూ పోయాయి. మళ్ళీ తన్నింది, అద్దం మీది చామంతులతో సహా అద్దం పోయింది. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకొని అరుగులెక్కారు. బూరలు వాయించేవాళ్ళు బూరలు పారేసి గోడకు అంటుకుపోయారు. అది ఎటు పోవాలో తెలియక గోడకేసి ఒళ్ళు కొట్టుకుంది. భుజం మీది చర్మం గోడ సున్నానికి అంటుకుంది. బామ్మర్ది పగ్గం కొస ఒక కిటికీ ఊచకు చుట్టి, కదలకుండా బిగించి, కొరడా ఎత్తాడు.

ఒకటి. పిరుదు మీద గీత లేచింది. రెండు. మూడు. గీత మీద గీత పడినచోట చిట్లింది. నాలుగు. అది కేక వేసింది. గుర్రం సకిలింత కాదు, కేక. గుర్రం నోటినుంచి అలాంటి చప్పుడు వస్తుందని అంతకుముందు నాకు తెలియదు. అతని మొహం చూశాను. తుమ్మకంపలో పడినప్పటి అవమానం, నలుగురు చూస్తున్నారన్న కోపం, అన్నీ కలిసి ఆ మొహం మనిషిది కానట్టు ఉంది. ఐదు. దానికి కండ్లు కనబడవు, చెవులు వినబడవు. దెబ్బ ఎటునుంచి వస్తున్నదో తెలియదు.

ఆరో దెబ్బకు నేను మధ్యలోకి దూకాను. అది గుర్రానికి తగలవలసింది. చెవి కింద నుంచి దవడ దాకా నా చెంప చిట్లింది. మెడలోకి వెచ్చగా కారింది. అదీ ఈ గీత. నేను అతని మణికట్టు పట్టి మెలిపెట్టి కొరడా లాక్కున్నాను. మొహం మీద ఒకటి గుద్దాను. అతను అరుగు మెట్టు మీద కూలబడి నెత్తురు ఉమ్ముతూ ఉండిపోయాడు.

అప్పుడు ఆ కిటికీ ఉన్న ఇంట్లోనుంచి ఒక అవ్వ బయటికి వచ్చింది. గుంతలోనుంచి లేచి వచ్చినట్టుంది, భుజం మీద పట్టుపోగులు. అరవై దాటి ఉంటాయి గాని చేతులు రోకళ్ళలా ఉన్నాయి. ఆమె గుర్రాన్ని చూసింది, దూది చూసింది, తువ్వాలు చూసింది.

"ఏమప్పా, కండ్లు మూసినారు, చెవులు మూసినారు. ఇంగ దానికి మిగిలింది భూమొకటే. ఆ భూమి అదురుతాండాది. నువ్వైతే గమ్మునుంటావా?"

నేను చెంప మీది నెత్తురు తుడుచుకున్నాను.

పెండ్లివాళ్ళలో ఒక పెద్దమనిషి మగ్గాలన్నీ కాసేపు ఆపమని చెప్పించండి అన్నాడు. ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఆ వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేది చావుకేనట. పెండ్లికొడుకు పోయే దారిలో ఆపితే అశుభం, మా చేతులతో మేము ఆపేది లేదంది. పెద్దమనిషి వెనక్కి తగ్గాడు.

"మగ్గం ఆగదు. గుర్రమే ఇనడం నేర్సుకోవల్ల. దాని ఇంటిది ఏమన్నా తెచ్చినారా, వాసనకు?"

పెనుకొండ కాలవలో పడున్న సంచి గుర్తొచ్చి నాకు చెంప మంట కూడా తెలియలేదు. కాని వ్యాను నేల మీద దారి పొడుగునా అది వేసిన లద్దె ఉంది, తొక్కిన చొప్ప ఉంది. వ్యాను సందు మొదట్లో ఆగి ఉంది. పట్టుపంచె ఎగగట్టి, రెండు చేతులతో ఎత్తుకొని, ఒడిలో పోసుకొని తెచ్చాను. ధర్మవరం పట్టు వ్యాపారుల బంధువులందరి ముందర, కల్లాపి చల్లి ముగ్గు వేసిన వాకిట్లో, గుర్రం కాళ్ళ ముందర పరిచాను. నలుగురూ నవ్వారో లేదో చూడలేదు.

పగ్గం ఊచ నుంచి విప్పాను. ముందు తువ్వాలు తీశాను, తరువాత ఒక చెవి, తరువాత రెండో చెవి. అవ్వ ఈలోపల ఇంటింటి గడప దగ్గరా ఆగి, ఆపొద్దండి, మెల్లగా కొట్టండి అని చెప్పి వచ్చి తన గుంతలో కూర్చుంది. నాడె ఒకసారి విసిరి ఆగింది. టక్. గుర్రం ఒళ్ళంతా ఒక్క ఊపు ఊగింది. నేను పగ్గం లాగలేదు. పక్కనే నిలబడి జూలు మొదట్లో గోకుతూ ఉన్నాను. దాని చెమట, దాని నెత్తురు, నా నెత్తురు నా చేతి మీద ఒకటయ్యాయి. ఇంకొకసారి టక్. దాని ముక్కులు పెద్దవయ్యాయి. అది నేల వైపు చూసింది. మెల్లగా, చాలా మెల్లగా, తల దించింది. లద్దె వాసన చూసి పొడుగ్గా ఒక ఊపిరి వదిలింది.

తరువాత దాన్ని అవ్వ గడప దాకా నడిపించాను. అది తల లోపలికి పెట్టి మగ్గాన్ని చూసింది. ఆమె నేస్తూనే ఉంది. కాసేపటికి దాని ఒక చెవి పలక వెంబడి ముందుకూ వెనక్కూ కదలడం మొదలుపెట్టింది. అక్కడినుంచి రెండో గడప, మూడో గడప. ప్రతి ఇంటి దగ్గరా ఆగాము. పదో ఇంటికి మగ్గాలు మామూలు వేగం అందుకున్నాయి. పదిహేనో ఇంటికి గుర్రం అడుగు పలక దెబ్బతో కలిసి పడింది. ఇరవయ్యో ఇంట్లో ఒక చీర అంచు చూసి అది బేరమాడింది అని చెబితే మీరు నమ్మరు కాబట్టి చెప్పను.

పెండ్లికొడుకును డ్రమ్ములోనుంచి తీసి మళ్ళీ ఎక్కించాము. ముహూర్తానికి అందుకున్నాము.

కథ ఇక్కడ ఆపవచ్చు. టీకొట్టులో అయితే ఇక్కడే ఆపుతాను. కాని మొదట్లో నెత్తిన చేయి పెట్టుకున్నాను కాబట్టి ఒకటి సరిచేయాలి.

నా భార్యకు తమ్ముడు లేడు. అన్నా లేడు. వాళ్ళు నలుగురూ ఆడపిల్లలే.

పెనుకొండలో కంపలో పడింది నేను. అక్కడా, మగ్గాల వీధిలోనూ దాని మెడ గోకింది వ్యాను డ్రైవరు, అంతకుముందు ఎన్నడూ గుర్రాన్ని తాకనివాడు. సంచిని కాలవలోకి తన్నింది నేను. దూది కుక్కింది నేను. పగ్గం ఊచకు చుట్టి, ముక్కులోని జిగురు నా వేళ్ళతో తీసిన గుర్రాన్ని కదలకుండా బిగించి ఐదు దెబ్బలు కొట్టింది నేను. ఆరోది ఎత్తినప్పుడు వెనకనుంచి ఎవరో నా చేతిలోది లాక్కున్నారు. తిరిగి చూసేసరికి చెంప చిట్లింది. అవ్వ రెండు దెబ్బలు కొట్టింది. రెండోది వీపు మీద ఉంది. దాన్ని ఎవరూ అడగరు కాబట్టి దానికి కథ అల్లలేదు. మెట్టు మీద కూలబడి నెత్తురు ఉమ్మినవాడిని నేనే. లద్దె మోసింది మాత్రం నిజంగా నేనే. ఆమె కొరడా చేతిలో పట్టుకొని తెమ్మంటే తెచ్చాను.

ఇంటికి వచ్చాక నాయన నా చెంప చూసి ఎవరు చేసినారని అడిగాడు. ఒక ముసలామె చేతిలో తన్నులు తిన్నానని చెప్పలేకపోయాను. గుర్రం అన్నాను.

నోటినుంచి ఒక్క మాట. నాయన ఇసుక బండి ఆయనకు ఫోను చేయించాడు. మరుసటి పొద్దున ఆయన పలుపుతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేను అప్పుడూ నోరు విప్పలేదు. నాయన కర్ర పట్టుకొని కొట్టంలోకి పోయి గుర్రం పిరుదు మీద చేయి వేశాడు. వేలితో గీతలు ఒక్కొక్కటీ తడిమాడు. ఇవేందిరా అన్నాడు. తుమ్మకంప అన్నాను. డ్రైవరును కొరడా తెమ్మన్నాడు. దాన్ని గుర్రం ఒంటి మీది గీతకు ఆనించి చూశాడు. తరువాత నా గడ్డం పట్టుకొని మొహం పక్కకు తిప్పి, టైలరు కొలత తీసినట్టు నా చెంపకు ఆనించాడు.

"రెండూ ఒగటే కొలత," అన్నాడు.

అప్పుడు చెప్పాను, మొదటినుంచి చివరిదాకా. నా బతుకులో కథ అల్లకుండా చెప్పింది అదే మొదలు. నాయన ఇసుక బండి ఆయన్ను పొమ్మన్నాడు. తరువాత నా వైపు చూశాడు.

"నెత్తురు కండ్లజూసింది కొట్టంలో ఉండగూడదు. కట్టు అదే కదా. ఇంగ నువ్వు ఈ గడప తొక్కొద్దు."

నాలుగేళ్ళుగా తొక్కలేదు. గుర్రాన్ని డ్రైవరే చూసుకుంటాడు. కొత్త ఊరికి పోయేటప్పుడు అతను లోపల సంచి నింపి గడప దాటించి పెడతాడు, నేను మోసుకొచ్చి వ్యానులో పెడతాను. నన్ను చూసి అది సకిలిస్తుందా అంటే, లేదు. చెవి ఒకటి తిప్పుతుంది.

కాబట్టి ఇందులో నేను కల్పించింది బామ్మర్దిని, నా సాహసాన్ని. పెండ్లికొడుకు డ్రమ్ములో నడుము దాకా దిగబడ్డాడని చెప్పినప్పుడు అది అబద్ధమని మీరు అనుకొని ఉంటారు. అది నిజం. డ్రైవరు ఫోనులో వీడియో ఉంది. అందులో గోడ పక్కన కొరడా ఎత్తిన మనిషి కూడా కనబడతాడు. అందుకే దాన్ని ఎవరికీ చూపించనివ్వను.